వంకీ మీద వంద రూపాయలు

కొత్తగా బ్యాంకులో చేరిన పిల్లలు ఎవరైనా నా దగ్గరికి వచ్చి, "మేడం, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పు ఏది?" అని అడుగుతుంటారు. క్యాష్ తక్కువ వచ్చిన సంగతో, దొంగ చెక్కు పాస్ చేసిన సంగతో చెబుతానని చెవులు రిక్కించి కూర్చుంటారు. అలాంటివి నేనూ చేశాను, జీతంలోంచి కట్టాను, మరిచిపోయాను. మరిచిపోలేని తప్పు ఒకటే. ఒక కవరు మీద మూడు మాటలు ఎక్కువ రాశాను.

డెబ్బైల నడుమ సంగతి. మాది నంద్యాల. మొదటి పోస్టింగు ఆళ్లగడ్డ బ్రాంచిలో. పొద్దున ఎనిమిది గంటల బస్సు పట్టుకుని వెళ్లి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. ఆ బ్రాంచిలో నేను ఒక్కదాన్నే ఆడమనిషిని. కౌంటరు ముందుకు వచ్చిన రైతులు నన్ను చూసి, "సారు యాడికి పోయినాడమ్మా?" అని అడిగేవాళ్లు. "సారును నేనే, చెప్పండి" అంటే ఒక నిమిషం ఆలోచించుకుని పక్క కౌంటరుకు వెళ్లిపోయేవాళ్లు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, ముక్కు మీద కోపం. ఆ కోపమంతా రబ్బరు స్టాంపు మీద చూపించేదాన్ని.

మేనేజరు గుంటూరు వైపు మనిషి. నెమ్మదస్తుడు, అందరినీ గారు పెట్టి పిలుస్తాడు. ఆయనకు ఉన్న భయమల్లా ఒకటే, పెద్ద డిపాజిటర్లు అలిగి పక్క బ్యాంకుకు పోతారేమోనని. హెడ్ క్యాషియరు మాత్రం ఆళ్లగడ్డ వాడే. లావుపాటి మనిషి. ఇనప గదికి రెండు తాళాలు ఉంటే ఒకటి మేనేజరు దగ్గర, ఇంకొకటి ఆయన మొలతాడుకు. రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. మధ్యాహ్నం రెండు గంటలు కొట్టేదాకా భూకంపం వచ్చినా ఆయన కుర్చీలోంచి లేవడు.

మగవాళ్లు నా కౌంటరుకు రాకపోయినా, ఆడవాళ్లు మెల్లగా రావడం మొదలుపెట్టారు. అలా వచ్చింది ఆమె. ముప్పై ఏళ్లుంటాయి. ఊళ్లో పత్తి, శనగకాయల కమీషన్ వ్యాపారం చేసే ఒక షావుకారు భార్య. ఆయన మా బ్రాంచిలో పెద్ద డిపాజిటరు. ఆమె ఎవరో ఊరంతటికీ తెలుసు, ఆమె పేరు మాత్రం ఎవరికీ తెలియదు. "షావుకారు ఇంటామె" అంటే సరిపోయేది.

"పాపా, ఈడ బంగారు పెట్టుకుంటారా?" అంది.

నన్ను పాప అనడం నాకు నచ్చలేదు. "నగల మీద లోనా?" అన్నాను బిగుసుకుని.

"లోను నాకెందుకు? ఊరికే పెట్టుకోండి. కావాల్సినప్పుడు ఇద్దురు."

మా బ్రాంచిలో లాకర్లు లేవని, నంద్యాలలో ఉన్నాయని చెప్పాను.

"నంద్యాలలో ఈది ఈదికీ మా ఆయన చుట్టాలే. నేను బస్సు దిగేలోపల కబురు ఇంటికొచ్చింటాది." కాసేపు కౌంటరు చెక్క మీద గోటితో గీస్తూ నిలబడింది. "లోను తీసుకుంటే బంగారు యాడ పెడతారు?"

"ఇనప గదిలో. అప్పు తీరేదాకా అక్కడే ఉంటుంది."

"ఎవరొచ్చి అడిగినా ఇయ్యరా?"

"మీరు వచ్చి సంతకం చేస్తేనే ఇస్తాం."

"అట్లయితే నాకు లోను కావాల. నూరు రూపాయలు చాలు." కొంగు ముడి విప్పి ఒక వంకీ తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు తులాలు తక్కువ ఉండదు.

నాలుగు తులాల వంకీ మీద వంద రూపాయలు! నాకు నవ్వొచ్చింది. మేనేజరు గారితో చెబితే ఆయనకూ వచ్చింది. "ఇది బ్యాంకా, గోడౌనా తల్లీ?" అన్నాడు. వడ్డీ కడుతుంది కదా సార్ అన్నాను. రూల్సు పుస్తకంలో ఎక్కువ ఎంత ఇవ్వాలో ఉంది కానీ, తక్కువ ఎంత ఇవ్వకూడదో ఎక్కడా లేదు.

చిక్కు ఇంకో చోట వచ్చింది. ఆమెకు సంతకం రాదు. వేలిముద్రను మా వైపు నిశాని అంటారు. నిశాని వేసేవాళ్లయితే ప్రతిసారీ ఊళ్లో ఒక పరిచయస్థుడు పక్కన నిలబడి ఈమే ఆమె అని సాక్షి సంతకం పెట్టాలి. ఆళ్లగడ్డలో ఆమెకు సాక్షి నిలబడే మనిషి ఎవరైనా సరే, ఆ సాయంత్రమే షావుకారు అంగట్లో కూర్చుని మాట్లాడతాడు.

"సంతకమయితే సాక్షి వద్దా?" అంది.

"వద్దు."

"మరి నేర్పియ్యి" అంది, గ్లాసు నీళ్లు అడిగినంత మామూలుగా.

శుక్రవారం గుడికి పోతున్నానని ఇంట్లో చెప్పి వచ్చేది. నా టిఫిను డబ్బా పక్కకు జరిపి, పాత విత్‌డ్రాయల్ స్లిప్పుల వెనక నేను ఆమె పేరు రాసి ఇచ్చేదాన్ని. ఆమె దాని మీద దిద్దేది. పేరుకు కావాల్సిన అక్షరాలతో ఆగలేదు. "ఇదేంది? ఆ బోర్డు మీద మొదటిదేంది?" అని గోడ మీద క్యాలెండరు నుంచి రుణాల ప్రకటనల దాకా అన్నీ అడిగేది. ఐదారు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. తీరా నమూనా సంతకం కార్డు మీద చేసేటప్పుడు చెయ్యి వణికి, పేరు చివర మ కింద వత్తు పెట్టడం మరిచిపోయింది. అప్పటికే నేను స్టాంపు గుద్దేశాను.

"ఇక నుంచి ఎప్పుడు చేసినా ఇలాగే చేయాలక్కా, వత్తు లేకుండా" అన్నాను.

"చేస్తాలే. తేలిగ్గానే ఉండాది" అంది.

అలా వంకీ లోపలికి వెళ్లింది. తర్వాత నెలకొకటిగా రెండు పేటల గొలుసు, కమ్మలు, చివరికి నాలుగు గాజులు. ఒక్కో నగ మా దగ్గరికి రాకముందే దానికి అచ్చు పోలిన గిల్టుది చేయించుకుని ఒంటి మీద పెట్టుకునేది. రంగు తగ్గితే చింతపండు రసంతో తోముకునేది. అప్పుగా ఇచ్చిన వంద రూపాయలను అక్కడికక్కడే పొదుపు ఖాతాలో వేసేది. ఆఖరికి నాకు ఓపిక నశించింది. "ఏమిటక్కా ఇదంతా? మొగుడికి తెలియకుండా ఇంత దొంగతనంగా ఎందుకు?" అని గట్టిగానే అడిగేశాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "మా పుట్టింటోళ్లు పెట్టిన చంద్రహారం ఒకటుండె. యాపారంలో కష్టమొచ్చిందని మా ఆయన తీసుకునె. తాకట్టులో పోయిందనె. సరేలే అనుకుంటి. శివరాత్రికి మహానందికి పోయింటిమి. కోనేటి కాడ ఒక ఆమె మెడలో అది సూస్తి. ప్యాపిలి ఆమె. సంకలో బిడ్డ. బిడ్డది అంతా మా ఆయన మొగమే."

"ఆయన్ను అడగలేదా?" అన్నాను.

"అడిగితి. ‘నీకు బిడ్డల్లేరు, తిండికి తక్కువ సేస్తాండానా?’ అనె. అంతే. ఏందో చిల్లర అడిగినట్టు." గాజులు పైకి తోసుకుంది, గిల్టువి. "నాకు ఇడుపు కాగితం కావాల పాపా. కోర్టులో."

ఇప్పటి పిల్లలకు ఇది మామూలు మాట. ఆ రోజుల్లో ఆళ్లగడ్డలో విడాకులు అనే మాట పేపర్లో చదివేదే కానీ నోటితో అనేది కాదు. నేను చదువుకున్నదాన్ని, ఉద్యోగం చేస్తున్నదాన్ని, అయినా ఆమెకు సుద్దులు చెప్పడం మొదలుపెట్టాను. సర్దుకుపోవాలని, మగవాళ్లు కొన్నాళ్లకు మారతారని, మా ఇంటి పక్క ఎవరో మారారని. ఆమె అంతా విని, "నీకు పెండ్లయిందా?" అంది. లేదన్నాను. "మరి ఊరుకో" అంది.

ఊరుకున్నాను. ఆమె మొత్తం ఆలోచన అప్పుడు చెప్పింది. "ఇప్పుడే పోయి ఇడుపు అడిగితే ఏమైతాది? ఒంటి మీద ఉండేదంతా ఒలుసుకుని ఎళ్లగొడతాడు. రెండు నెల్లు ఎవరింట్లోనో తిని, సిగ్గు పడి, నేనే తిరిగొచ్చి ఆ వాకిట్లో కూర్చోవాల. అందరూ అట్లే వచ్చినారు. నేను రాకుండా ఉండాలంటే ఏమేమి కావాల్నో అది ముందర సేసుకుని, ఆమైన నోరు తెరుస్తా."

నంద్యాలలో మా నాన్నకు తెలిసిన ఒక వకీలు ఉండేవాడు. ఎవరి సంగతో చెప్పకుండా ఆయన్ను అడిగాను. ముందు నగలు ఆమె చేతిలో ఉండాలన్నాడు. పుట్టింటివని చూపే రసీదులు దాచుకోవాలన్నాడు. కోర్టు ఎన్నాళ్లు తిప్పుతుందో తెలియదు గనుక, కనీసం ఒక ఏడాది తిండికి, గది బాడుగకు, బస్సు చార్జీలకు చూసుకున్నాకే నోటీసు ఇవ్వాలన్నాడు. ఆ మాటలు నేను మరుసటి శుక్రవారం ఆమెకు చెప్పాను. ఆమె వాటిని ఒక స్లిప్పు వెనక తన చేత్తో రాసుకుంది. తప్పులతో రాసింది, ఒక్కటీ వదలకుండా రాసింది.

ఆ తర్వాత ఆమె పని చూస్తే నాకు నా మీదే చిన్నచూపు కలిగేది. రుద్రవరంలో ఆమె పిన్నమ్మ ఒకామె ఒంటరిగా ఉండేది. అక్కడ కంతుల మీద ఒక కుట్టు మిషను పెట్టించింది. పిన్నమ్మకు ఒంట్లో బాగాలేదని నెలకు రెండుసార్లు వెళ్లి రవికలు కుట్టి వచ్చేది. ఆ డబ్బు మా దగ్గర నెలనెలా కట్టే డిపాజిట్‌లో వేసేది. "ఉగాది దాటినాక ఆరు నెల్లకు అంతా సిద్ధమైతాది" అనేది. ఒక్క విషయం మాత్రం నాకు పదే పదే చెప్పింది. "ఇంటికి కాగితం ఏదీ రాగూడదు. ఏముండినా పిన్నమ్మ ఇంటికే." సరేనని అడ్రసు అలాగే రాసుకున్నాను.

వంకీ లోను గడువు ఏడాది. అది దాటేసరికి ఆమె రాలేదు. అత్త కాలు విరిగి మంచాన పడిందని, ఆమెకు ఇంట్లోంచి కదిలే వీల్లేదని నాకు తర్వాత తెలిసింది. నేను రుద్రవరానికి నోటీసు పంపాను. పదిహేను రోజులకు అది తిరిగి వచ్చింది. కవరు మీద ఎర్ర సిరాతో "ఈ పేరు గల వారు లేరు" అని ఉంది. పిన్నమ్మ అహోబిలం తిరునాళ్లకు వెళ్లిందట. మిగతా రుద్రవరానికి ఆ పేరు గల మనిషి తెలియదు.

ఇక రెండోసారి కూడా అందకపోతే వంకీ వేలం జాబితాలోకి పోతుంది. నాకు కంగారు పుట్టింది. వాళ్ల ఇల్లు బ్యాంకు నుంచి పది నిమిషాల నడక. ఏదో వంకన వెళ్లి చెప్పి రావచ్చు. కానీ ఎండగా ఉంది, నోటీసులు ఇంకా నలభై రాయాలి, పైగా బ్యాంకు ఉద్యోగిని ఇంటింటికీ తిరగడమేమిటని నాకొక దొరతనం. కొత్త కవరు తీసి ఆమె పేరు రాశాను. పేరొక్కటే రాస్తే ఆళ్లగడ్డ పోస్టుమానుకు మాత్రం ఏం తెలుస్తుంది? ఈ ఊళ్లో ఏ ఆడదాని పేరు ఎవరికి తెలుసు? అందుకని ఉత్తరం తప్పకుండా చేరాలని, పేరు కింద ఇంకో మూడు మాటలు రాశాను. షావుకారు పేరు, గారి, భార్య. ఆమె చెప్పింది గుర్తు లేక కాదు. వంకీ పోతుందన్న కంగారులో, చేతికి అలవాటైన పద్ధతిలో రాసేశాను.

ఉత్తరం చక్కగా చేరింది.

మూడో రోజు పన్నెండు గంటలకు షావుకారు వచ్చాడు. తెల్ల పంచె, చేతిలో నేను రాసిన కవరు. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లాడు. కాసేపటికి నన్ను పిలిచారు.

"చూడమ్మా, వీరి ఇంట్లోవాళ్ల నగ ఏదో మన దగ్గర ఉందట. వారు ఆథరైజేషన్ లెటరు తెచ్చారు, డబ్బు కడతామంటున్నారు. ఇచ్చేద్దాం" అన్నాడు మేనేజరు గారు, అప్పు చిన్నదే కదా అన్నట్టు.

కాగితం తీసుకుని చూశాను. ‘నా నగలన్నియు నా భర్తకు ఇచ్చివేయవలసినది’ అని ఎవరో గుండ్రంగా రాశారు. కింద ఇద్దరు సాక్షులు. వాటి పైన నల్లటి సిరాతో ఒక నిశాని.

నిశాని!

ముందు వచ్చిన ఆలోచన, ఇది ఆమెది కాదని. తర్వాత, కొట్టి వేయించి ఉంటాడని. ఏదైనా సరే, మా కార్డులో ఉన్నది సంతకం. వేలిముద్ర చెల్లదు. ఆ మాట పైకి అంటే సరిపోతుంది. కానీ అన్నానంటే, ఆమెకు రాయడం వచ్చని ఆయనకు తెలుస్తుంది. అప్పటికే ఒక కవరుతో ఆమె కొంప ముంచినదాన్ని, మళ్లీ నోరు జారడం నాకు ఇష్టం లేదు.

"పార్టీ స్వయంగా రావాలి సార్" అన్నాను.

"పార్టీ ఎవరమ్మా? అది నా ఆడది" అన్నాడు షావుకారు. "దానికి మంచీ సెడ్డా ఏం తెలుసు? పిన్నమ్మకు సాయం సేసేకి పెట్టినా అంటాండాది. నేను ఇడిపించుకుంటా. దుడ్లు ఇంద."

"రూలు ప్రకారం..."

"రూలు నాకు సెప్తాండావా? సార్, నా డిపాజిట్లు ఎంతున్నాయో ఈమెకు సూపించు."

మేనేజరు గారి ముఖం పాలిపోయింది. "అమ్మా, లెటరు ఉంది, సాక్షులు ఉన్నారు..." అంటున్నాడు. నేను వెళ్లి నమూనా సంతకం కార్డు తెచ్చాను. షావుకారుకు కనబడకుండా అరచేయి అడ్డం పెట్టి మేనేజరు గారి ముందు ఉంచాను. ఆయన కార్డు చూశాడు. చేతిలో కాగితం మీద నిశాని చూశాడు. మళ్లీ కార్డు చూశాడు. ఆ నెమ్మదస్తుడి చెవులు ఎర్రబడడం నేను అదే మొదటిసారి చూడడం.

"షావుకారు గారూ, ఆమె వచ్చి అడగాలండీ. లేకపోతే ఇవ్వడం కుదరదు" అన్నాడు.

గది బయట ఇదంతా వింటున్న హెడ్ క్యాషియరు లేచి నిలబడ్డాడు. అప్పుడు గడియారంలో పన్నెండున్నర. మొలతాడుకున్న తాళం సర్దుకుని, "నాకు కడుపులో బాగలేదు సార్. ఇంటికి పోయొస్తా" అని, షావుకారు వైపు చూసి "సద్దన్నం తిన్న్యా, అరగలే. ఈ పొద్దు మళ్లా వస్తానో రానో" అని చెప్పి, రెండో తాళంతో సహా వీధిలోకి నడిచిపోయాడు.

"రేపు దాన్ని పిల్సుకొస్తా. అది సెప్పినాక ఇయ్యకపోతే అప్పుడు సూస్తా" అన్నాడు షావుకారు.

ఆ సాయంత్రం బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మెడ మీద చెయ్యి వేసి తీసుకొస్తాడు, ఆమె తల ఊపుతుంది, మా రూలు ప్రకారమే మేము ఆమె బంగారం ఆయన చేతిలో పెడతాం. నగలు పోయాక ఆమె ఇక ఎప్పటికీ ఆ ఇంటి గడప దాటలేదు. నేను రాసిన మూడు మాటల వల్ల.

మరుసటి రోజు పదకొండింటికి తీసుకొచ్చాడు. ఆమె చేతులు బోసిగా ఉన్నాయి. గిల్టు గాజులు లాగేశాడని చూడగానే తెలిసింది, మణికట్టు వాచి ఉంది. కింది పెదవి చిట్లింది. కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది. మేనేజరు గారు తన గదిలోంచి ఇవతలికి వచ్చాడు.

"అమ్మా, ఇవి మీ నగలు. మీరు ఏం చెబితే అది చేస్తాం. విడిపించుకుంటారా?"

"లేదు సార్" అంది. "వడ్డీ కడతా. ఇంగో ఏడాదికి తిప్పి రాయండి."

షావుకారు "మే!" అన్నాడు. ఆమె తల తిప్పలేదు. నేను ఫారం ఇచ్చాను. ఈసారి ఆమె చెయ్యి వణకలేదు. వాచిన చేత్తోనే పెన్ను పట్టుకుని, మెల్లగా, ఒక్కొక్క అక్షరం, చివర మ కింద వత్తు లేకుండా సంతకం చేసింది.

పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి ఆ సంతకం మీదికి వంగి చూశాడు. "నీకు రాసేది వచ్చునా?"

"వచ్చు."

"మరి మొన్న నిశాని ఏస్తివి?"

"నువ్వు నిశాని అడిగితివి, నిశాని ఇస్తి. సంతకం అడగలే కదా."

నాకు అప్పుడు అర్థమైంది. ఆమెను ఎవరూ మోసం చేసి వేలిముద్ర తీసుకోలేదు. దెబ్బలు తింటూ కూడా, ఆ కాగితం బ్యాంకులో చెల్లదని తెలిసే బొటనవేలు ముందుకు చాపింది. కార్డు తీసి చూసే పని మాకు వదిలింది.

"ఇంగొక మాట" అంది ఆమె. "నాకు ఇడుపు కాగితం కావాల. వకీలు నోటీసు ఇప్పిస్తా. ఇంగా ఆరు నెల్లకు సెప్దామనుకునింటి. కాగితం ముందే వచ్చె." ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను అక్కడే కూలబడేదాన్ని.

షావుకారు చెయ్యి ఎత్తాడు. కుర్చీ గట్టిగా చప్పుడైంది. హెడ్ క్యాషియరు లేచి కౌంటరు తలుపు తీసుకుని ఇవతలికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. రెండు గంటలకు ముందు ఆయన లేవడం అది రెండోసారి. షావుకారు చెయ్యి దించుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్టాండులో ఆమె రుద్రవరం బస్సు కోసం కూర్చుని ఉంది. కట్టుబట్టలు, ఒక గుడ్డ సంచి. నేను పక్కన కూర్చున్నాను. "అక్కా, ఆ కవరు రాసింది నేనే" అన్నాను.

"తెలుసు. నీ రాత నాకు తెలీదా? నీ అక్షరాలు దిద్దే కదా నేను నేర్చుకునింది." సంచిలోంచి కవరు తీసింది. షావుకారు విసిరికొడితే ఏరుకుని దాచుకుందట. "నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం ఇది. నాకై నేను సదువుకున్న్యా."

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉండాది. ఆరు నెల్లు తక్కువ సేస్తివి నాకు" అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఆ ఆరు నెలల ఖరీదు ఎంతో తర్వాత చూశాను. డిపాజిట్ గడువుకు ముందే తీసేయాల్సి వచ్చింది. కంతులు కట్టలేక మిషను వెనక్కి పోయింది. ఏడాది పాటు చేతి సూదితో కాజాలు కుట్టి బతికింది. ఆ నెలాఖరుకు షావుకారు డిపాజిట్లన్నీ తీసుకుపోయాడు. మేనేజరు గారికి పైనుంచి చీవాట్లు వచ్చాయి, మరుసటి ఏడాది దూరంగా బదిలీ అయింది. కవరు మీద చేతిరాత ఎవరిదో ఆయనకు తెలుసు. ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ క్షమాపణ చెప్పలేదు, అది ఇంకో తప్పు.

నంద్యాల కోర్టు ఆమెను ఏళ్ల తరబడి తిప్పింది. మధ్యలో రెండుసార్లు షావుకారు మనుషులు రాజీకి వచ్చారు. నగలు ఇచ్చేస్తే కాగితం మీద సంతకం పెడతానన్నాడట. పస్తులున్న రోజుల్లో కూడా ఆమె ఒప్పుకోలేదు. ఏటా ఒకసారి ఆళ్లగడ్డ వచ్చి వడ్డీ కట్టి, తిప్పి రాయించుకుని పోయేది. చివరికి ప్యాపిలి ఆమె తన బిడ్డల కోసం పెళ్లి చేసుకోవాల్సిందేనని పట్టుబట్టడంతో, విడాకుల అవసరం షావుకారుకే వచ్చిపడింది.

ఎనభైలు వచ్చాక నేను నంద్యాల బ్రాంచికి మారాను, ఆఫీసరునయ్యాను. ఒక రోజు మధ్యాహ్నం ఎవరో "పాపా" అన్నారు. అప్పటికి నన్ను పాప అనే మనిషి నంద్యాలలో లేరు. తలెత్తి చూస్తే ఆమె. జుట్టు కాస్త నెరిసింది. రవిక చేతి మీద వంకీ ఉంది, అసలుది.

"ఇడిపించుకొస్తి" అంది. "ఇడుపూ వచ్చె, వంకీ వచ్చె. ఈన్నే అంగడి బాడుగకు తీసుకున్న్యా. రెండు మిషన్లు పెట్టాల. లోను కావాల."

"ఈసారీ వంద రూపాయలేనా?" అన్నాను. గట్టిగా నవ్వింది. ఆమె నవ్వడం నేను అప్పుడే విన్నాను.

ఫారం తీసి పేరు రాశాను. తర్వాతి గడి ‘తండ్రి / భర్త పేరు’. నా పెన్ను అక్కడ ఆగింది. ఆమె అది చూసింది. చేతిసంచిలోంచి ఒక కవరు తీసి నా బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర చిరిగింది కానీ నా చేతిరాత చెక్కుచెదరలేదు. ఆమె పేరు, కింద ఆ మూడు మాటలు.

"నీకాడ ఎర్ర సిరా పెన్నుందా?" అంది.

ఇచ్చాను. తీసుకోలేదు.

"నాకొద్దు. రాసింది నువ్వు కదా, నువ్వే రాయి. రుద్రవరం పోస్టుమాను రాసినట్టు."

నేను ఆ మూడు మాటల మీద అడ్డంగా ఎర్ర గీత గీసి, పక్కన "ఈ పేరు గల వారు లేరు" అని రాశాను. ఆమె కవరు దగ్గరగా పెట్టుకుని, పెదవులు కదుపుతూ ప్రతి అక్షరం చదివి సరిచూసుకుంది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఇప్పుడు ఫారం ఇట్లియ్యి. మిగిలింది నేను రాసుకుంటా" అంది.